బొబ్బిలి కథను చరిత్రకు ఆధారంగా తీసుకోవచ్చా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
జంగాలు తంబుర మీటుతూ పాడిన బొబ్బిలి కథను తెల్లవార్లూ కూర్చుని విన్న పెద్దలు మా వీధిలో ఇంకా ఉన్నారండి. 1757 జనవరి 24న జరిగిన ఆ యుద్ధం గురించి రాయదలచినప్పుడు వారి మాటలను సాక్ష్యంగా తీసుకోవచ్చా, లేక కాగితం మీద ఉన్నదానినే నమ్మాలా?

రాయగడ నుంచి:
తప్పక తీసుకోవచ్చు, కానీ ఏ విషయానికి సాక్ష్యమో ముందు తేల్చుకోవాలి. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, కోటలోని స్త్రీల, పిల్లల మరణం, విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోనే హతుడు కావడం అటు కథలోనూ, ఇటు 18వ శతాబ్దపు ఆంగ్ల చరిత్రకారుడు ఆర్మ్ రాసిన ఇంగ్లీషు చరిత్రలోనూ కనిపిస్తాయి కాబట్టి వాటి విషయంలో చిక్కు లేదు. బొబ్బిలి, విజయనగరాల మధ్య వైరానికి ఆర్మ్ చెప్పిన కారణాల్లో వాగుల నీటిని మళ్లించుకోవడం ఒకటి. కథకు ప్రాణం మాత్రం పౌరుషం. ఈ తేడాను పొరపాటని తోసేయకండి, ఏ తరం దేనిని గుర్తుంచుకోదలచిందో అదే చెబుతుంది.

బరంపురం నుంచి:
ఒక్క హెచ్చరిక. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా వచ్చాక అందులోని సన్నివేశాలు పెద్దల జ్ఞాపకాల్లో కలిసిపోయి ఉండవచ్చు. అందుచేత ఎవరి నోట, ఏ ఊళ్లో, ఏ వయసులో విన్నారో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడిగి, వారి మాటల్లోనే రికార్డు చేయండి.