కాంట్రాక్టర్లు మారితే నాన్న గ్రాట్యుటీ పోయినట్టేనా?

అందరికీ నమస్కారం. మా నాన్న హైదరాబాద్ శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో 11 ఏళ్లు సెక్యూరిటీ గార్డుగా చేసి పోయిన నెల మానేశారు. అదే గేటు, అదే విరిగిన కుర్చీ. కాంట్రాక్టర్లు మాత్రం ముగ్గురు మారారు. ఇంట్లో మూడు రంగుల ఐడీ కార్డులున్నాయి. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు) అడిగితే ఇప్పటి కాంట్రాక్టర్ "మా దగ్గర చేసింది మూడేళ్లే, ఐదేళ్లు నిండలేదుగా" అంటున్నాడు. ఫ్యాక్టరీవాళ్లేమో మాకు సంబంధం లేదు పొమ్మన్నారు.

చివరి బేసిక్, డీఏ కలిపి 13,000. నెలకు 26 రోజుల లెక్కన, ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం అంటే 7,500. పదకొండేళ్లకు 82,500 రావాలి.

మా చెల్లి పోటీ పరీక్షల పుస్తకం తెచ్చి, కార్మికులకు జీవన వేతనం, గౌరవంగా బతికే పరిస్థితులు ఉండాలన్న రాజ్యాంగంలోని 43వ అధికరణం చదివి వినిపిస్తే నాన్న నవ్వి ఊరుకున్నారు. అది ఆదేశిక సూత్రమే, దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లలేమని నాకూ తెలుసు.

ఇలా కాంట్రాక్టర్లు మారినా సర్వీసు మొత్తం కలిపి లెక్కగట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేబర్ ఆఫీసులో అర్జీ కాంట్రాక్టర్ మీదే పెట్టాలా, ఫ్యాక్టరీని కూడా చేర్చాలా? పీఎఫ్ పాస్‌బుక్‌లో ముగ్గురి పేర్లూ ఉన్నాయి, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) ఒక్కటే. జీతం స్లిప్పులు రెండేళ్లవే దొరికాయి. ఇవి సరిపోతాయా?