అప్‌డేట్: బిల్డ్‌రూట్‌లో తీసేసిన డ్రాప్‌బేర్ ఇమేజ్‌లోకి ఎలా వస్తోందంటే

బిల్డ్‌రూట్ (చిన్న బోర్డుల కోసం లినక్స్ ఇమేజ్ తయారుచేసే టూల్) సెట్టింగ్స్ మెనూ మెన్యూకాన్ఫిగ్‌లో డ్రాప్‌బేర్ (బోర్డులోకి నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అవ్వనిచ్చే చిన్న ఎస్ఎస్‌హెచ్ సర్వర్) తీసేసినా నా ల్యాప్‌టాప్‌లో తయారైన ఫర్మ్‌వేర్‌లో అది ఉంటోందని, అదే కాన్ఫిగ్‌తో బిల్డ్ సర్వర్ ఇచ్చే ఇమేజ్‌లో ఉండట్లేదని అడిగాను కదా, సంగతి తేలింది.

అవుట్‌పుట్ లోపలి టార్గెట్ ఫోల్డర్ (ఇమేజ్‌లోకి వెళ్లే ఫైళ్లు చేరే చోటు) చూడమన్నవాళ్లకి థాంక్స్. బైనరీతో పాటు ఇనిట్.డీలో (బూట్ అయ్యేటప్పుడు నడిచే స్క్రిప్ట్‌ల ఫోల్డర్) ఎస్50డ్రాప్‌బేర్ స్క్రిప్ట్ కూడా దర్జాగా కూర్చుని ఉంది. అంటే బోర్డు బూట్ అయిన ప్రతిసారీ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ లేస్తోందన్నమాట!

ప్యాకేజీని తీసేస్తే బిల్డ్‌రూట్ ఇకపై దాన్ని బిల్డ్ చేయదు, అంతే. అప్పటికే టార్గెట్‌లోకి కాపీ అయిన ఫైళ్లని తుడవదు. డిర్‌క్లీన్ (ఒక్క ప్యాకేజీని శుభ్రం చేసే కమాండ్) కొట్టినా పోయేది ఆ ప్యాకేజీ బిల్డ్ ఫోల్డరే. సర్వర్ ఎప్పుడూ ఖాళీ ఫోల్డర్‌తో మొదలుపెడుతుంది కాబట్టి అక్కడ ఈ గోల లేదు.

ఇప్పుడు రిలీజ్ ఇమేజ్ ఏదైనా మేక్ క్లీన్ (టార్గెట్‌తో సహా బిల్డ్ అయినవన్నీ తుడిచేసే కమాండ్) తర్వాతే. అది డౌన్‌లోడ్ చేసిన టార్‌బాల్స్ (సోర్స్ కోడ్ ప్యాక్‌లు) జోలికి పోదు, మళ్లీ నెట్ మీద పడక్కర్లేదు. సీక్యాష్ (ఒకసారి కంపైల్ చేసినదాన్ని దాచుకుని మళ్లీ వాడేది) ఆన్ చేసి, జీసీసీ కంపైలర్‌ని ప్రతిసారీ కంపైల్ చేయకుండా ఎక్స్‌టర్నల్ టూల్‌చైన్ (ముందే తయారుగా ఉన్న కంపైలర్ సెట్) పెట్టాక ఫుల్ బిల్డ్ అంటే భయం పోయింది.

యోక్టోకి (బిల్డ్‌రూట్ లాంటిదే, ఇంకా పెద్ద టూల్) మారమన్నారు కొందరు. ఒక్క బోర్డు కోసం అంత బరువు నాకైతే అనవసరం అనిపిస్తోంది.