కాస్ట్యూమ్స్ కొలతలు ఈ ఆదివారం, పెర్ఫార్మర్స్ అందరూ తప్పకుండా చదవండి

డాన్స్ వాళ్ళు 14 మంది, నాటకం వాళ్ళు 6 మంది, మొత్తం 20 మంది బట్టల పని ఈసారి నేను చూస్తున్నాను. పోయినసారి ఎవరి కొలతలు వాళ్ళే తీసి పంపారు, కొందరు అంగుళాల్లో, కొందరు సెంటీమీటర్లలో, ఇంకొందరు ఉత్త అంకె వేసి ఊరుకున్నారు. తీరా పార్సెల్ వచ్చాక చూస్తే సగం మందికి చేతులు పైకెత్తగానే చంకల దగ్గర కుట్లు పటపటమన్నాయి, గ్రీన్‌రూమ్‌లో పిన్నీసులతో నెట్టుకొచ్చాం. ఆ టెన్షన్ మళ్ళీ నా వల్ల కాదు.

అందుకే ఆదివారం రిహార్సల్‌లో కొలతలు నేనే తీస్తాను, అన్నీ అంగుళాల్లోనే. ఊరికే నిలబెట్టి తియ్యను, చేతులెత్తి, ఊపిరి నిండా పీల్చి, మోకాళ్ళు వంచి కూడా చూపించాలి. చంక కింద అదనంగా ఒక ముక్క వేయిద్దాం, అప్పుడు చెయ్యి ఎత్తినా నడుము దగ్గర బట్ట పైకి లేవదు. కుట్ల లోపల అంగుళం గుడ్డ వదిలించాలి, పిల్లలకైతే ఇంకాస్త ఎక్కువ, ప్రోగ్రాం నాటికి ఎంత పొడుగవుతారో ఎవరికి తెలుసు! కచ్చాకుట్టుతో ఒకసారి డాన్స్ మొత్తం చేసి చూశాకే జరీ, చమ్కీలు. ముందే కుట్టించేస్తే విప్పడం నరకం.

> అక్కా, మా గ్రూప్‌కి రెండు పాటల మధ్య 2 నిమిషాలే ఉంది. వెల్క్రో పెట్టిస్తే?

వద్దమ్మా, సైలెంట్ సీన్‌లో స్టేజి పక్కన వింగ్ లోంచి బర్రుమని వినిపిస్తుంది, పైగా పల్చటి గుడ్డ దారాలు లాగేస్తుంది. పెద్ద హుక్కులు వేయిద్దాం, చీకట్లో కూడా చేతికి దొరుకుతాయి. మార్చుకోవడం కూడా టైమ్ పెట్టి ప్రాక్టీస్ చేయండి.

> లైట్లు చూసేది నేను. చివరి పాటంతా నీలం లైటే, మీరనుకున్న ఎరుపు అందులో నల్లగా కనిపిస్తుంది. గుడ్డ కొనేశారా?

ఇంకా లేదు తమ్ముడూ, బతికించావు. ఒక్కో గుడ్డలో ఒక ముక్క తెస్తాను, లైటు కింద పెట్టి చూసి ఖాయం చేద్దాం.

> నాటకం వాళ్ళకి నడుం వెనక మైక్ డబ్బా పట్టే జేబు కావాలండీ. మెడ దగ్గర చమ్కీలు వద్దు, మైక్‌కి రాసుకుంటే గరగరలాడుతుంది.

రాసుకున్నాను. ఆదివారం పల్చటి బట్టల్లో రండి, స్వెటర్ల మీద కొలత తియ్యను. నేను చెప్తుంటే రాసేవాళ్ళు ఒకరు కావాలి, చేతిరాత ఎలా ఉన్నా ఫర్వాలేదు, 1కీ 7కీ తేడా తెలిస్తే చాలు.