చనిపోయిన మనిషికి బాకీ తీర్చేదెలా?

అందరికీ వందనాలు. మాది పర్లాకిమిడి. 2016, 2017 వేసవుల్లో ఒక సవర గిరిజన ముసలాయన దగ్గర జీడిపిక్కలు కొంటూ తూకంలో మోసం చేశాను. రాళ్ల పళ్లెం అడుగున అయస్కాంతం అతికించేవాణ్ణి. ఆయన గోనె దించి, ముల్లు వైపు కూడా చూసేవాడు కాదు. మొత్తం దాదాపు 70 కిలోలు, కిలో 120 చొప్పున 8,400 రూపాయలు.

నిరుడు బాప్తిస్మం తీసుకున్నాను. పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడనే 1 యోహాను 1:9 పట్టుకుని ఒప్పుకున్నాను, ఉపవాసమున్నాను. డబ్బు పట్టుకుని రెండుసార్లు ఆ ఊరెళ్లాను. ఆయన పోయాడట, పిల్లల్లేరు, దగ్గరివాళ్లెవరూ లేరు. పాస్టరుగారు "క్షమాపణ దొరికింది, ఇక తవ్వకు" అన్నారు. కానీ దావీదుకు పాపం పరిహారమైనా బిడ్డ పోయాడు కదా (2 సమూయేలు 12:13-14). శిక్షకు భయపడి కాదు, ఆ సొమ్ము ఇంట్లో ఉంటే ప్రార్థన సాగట్లేదు.

సంఖ్యాకాండము 5:7 ప్రకారం అయిదోవంతు కలిపి 10,080 తీసి పెట్టాను. బంధువు లేకపోతే అది యాజకునికి చెందాలని 8వ వచనం. మనకిప్పుడు ఆ యాజకత్వం లేదు.

మరి ఈ డబ్బు సంఘానికివ్వాలా, ఆ ఊరి పేదలకివ్వాలా? వాక్యంతో చెప్పగలరా?