క్లాసుల్లో ఎస్‌క్యూఎల్ నేరుగా రాయాలా, హైబర్నేట్‌కే వదిలేయాలా?

కర్నూలు కుర్రోడు:
ఆదోని పత్తి యార్డులో లాట్లు, తూకాలు, బిల్లులు నడిపే అప్లికేషన్. జావాలో రాస్తున్నాం, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. జావా క్లాసుల్లోనే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) రాసుకుందామని కొందరు, మొత్తం హైబర్నేట్‌కు (క్లాసులను టేబుళ్లతో కలిపి, క్వెరీలు తానే రాసే లైబ్రరీ) అప్పజెప్పుదామని కొందరు. మీరేమంటారు?

అనంత డీబీఏ:
ఎస్‌క్యూఎలే రాయండి. హైబర్నేట్‌లో 200 లాట్లు తెచ్చి, లూపులో ఒక్కోదాని రైతు పేరు అడిగినారనుకోండి. లేజీ లోడింగ్ (అడిగినప్పుడే డేటా తెచ్చే పద్ధతి) ఉంటే లాట్లకు 1 క్వెరీ, రైతులంతా వేరువేరైతే ఇంకో 200. రెండు టేబుళ్లను కలిపే ఒక్క జాయిన్‌తో తెమిలే పని! టెస్ట్ డేటాలో 5 లాట్లే ఉంటే సీజన్ వచ్చేదాకా ఎవరికీ తెలీదు.

కడప కంపైలర్:
హైబర్నేట్‌లోనూ జాయిన్ ఫెచ్ (లాట్‌తోపాటే రైతునూ తెమ్మనడం) పెడితే అదీ 1 క్వెరీయే కదన్నా. క్వెరీల లాగ్ ఆన్ చేసి చూసుకోకపోతే హైబర్నేట్ ఏం చేస్తాది? నా బాధ వేరే. ఎస్‌క్యూఎల్ రాసిన స్ట్రింగులో కాలమ్ పేరు తప్పు పడితే కంపైలర్ నోరెత్తదు, రన్ చేసినప్పుడే పగుల్తాది.

అనంత డీబీఏ:
హైబర్నేట్‌లో రాసే క్వెరీ భాష జేపీక్యూఎల్ మాత్రం స్ట్రింగు కాదా తమ్ముడూ? కంపైలరే పట్టుకోవాలంటే జూక్ (jOOQ) లైబ్రరీ వాడండి, టేబుళ్లను చూసి క్లాసులు తయారుచేస్తాది.

కర్నూలు కుర్రోడు:
ఇంజెక్షన్ (స్క్రీన్‌లో టైపు చేసిన మాటతో క్వెరీనే మార్చేయడం) సంగతి? ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (విలువల చోట ప్రశ్నార్థకాలు పెట్టి, విలువలు విడిగా పంపేది) చాలునా?

అనంత డీబీఏ:
విలువలకు చాలు. టేబుల్, కాలమ్ పేర్లకు పనికిరాదు. ఆర్డర్ బై (వరస చెప్పే మాట) పక్కన ప్రశ్నార్థకం పెట్టి కాలమ్ పేరు పంపితే పోస్ట్‌గ్రెస్ దాన్ని మామూలు విలువగానే తీసుకుంటాది. ఎర్రర్ రాదు, వరసా మారదు. ఇదే అన్నిటికన్నా చెడ్డది. స్క్రీన్ నుంచి వచ్చిన మాట, కోడ్‌లో ముందే రాసిపెట్టుకున్న పేర్లలో ఉంటేనే క్వెరీలో అతికించాల. ఇన్ లిస్టులోనూ (ఈ విలువల్లో ఏదున్నా తెమ్మనేది) ఒక ప్రశ్నార్థకానికి ఒకే విలువ పోతాది. పోస్ట్‌గ్రెస్‌లో దాని బదులు 'ఎనీ' రాసి, విలువలన్నీ ఒకే అర్రేగా పంపండి.

కడప కంపైలర్:
సరే, కానీ లాట్ క్లాసులో మాత్రం క్వెరీ వద్దు. తరుగు లెక్క టెస్ట్ చేసేకి కూడా డేటాబేస్ లేపాల్సి వస్తాది. డేటాబేస్ పనులకే ఉండే రిపాజిటరీ క్లాసులో పెట్టండి. ఇంకోటి, ప్రతి మెథడూ సొంత కనెక్షన్ తెరిస్తే బిల్లు ఒకచోట, లాట్ స్టేటస్ ఒకచోట కమిట్ (ఖాయంగా సేవ్) అవుతాయి. రెండోది ఫెయిలైతే బిల్లైన లాట్ మళ్లీ అమ్మకానికి కనబడుతాది. ఈ రెండు పనుల్నీ పిలిచే సర్వీసు క్లాసులో ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాల, లేదంటే ఏదీ జరగకూడదు) మొదలుపెట్టి, అదే కనెక్షన్ రెండింటికీ ఇవ్వాల.

కర్నూలు కుర్రోడు:
అయితే సేవ్‌లు హైబర్నేట్‌తో, రిపోర్టులు ఎస్‌క్యూఎల్‌తో?

అనంత డీబీఏ:
దానికి ఒప్పుకుంటా. ఒకే ట్రాన్సాక్షన్‌లో రెండూ ఉంటే, జేడీబీసీ (జావా నుంచి నేరుగా ఎస్‌క్యూఎల్ పంపే దారి) క్వెరీకి ముందు ఫ్లష్ చేయండి, అంటే హైబర్నేట్ మెమరీలోని మార్పులు డేటాబేస్‌కు పంపించండి. లేకుంటే అప్పుడే మార్చిన తూకం రిపోర్టులో పాతదే వస్తాది.

కడప కంపైలర్:
నేరుగా ఎస్‌క్యూఎల్‌తో అప్‌డేట్ కొడితే క్లియర్ కూడా చేయాల, అంటే హైబర్నేట్ మెమరీలో పెట్టుకున్నవి తీసేయాల. లేదంటే మెమరీలో ఉన్న పాత లాట్‌లో ఏ చిన్న ఫీల్డు మార్చినా, హైబర్నేట్ మామూలుగా అన్ని కాలమ్‌లూ తిరిగి రాస్తాది, మీ అప్‌డేట్ ఎగిరిపోతాది. అందుకే బిల్లింగ్‌లో ఎస్‌క్యూఎల్ అంటే నేనింకా ఒప్పుకోను.