అప్‌డేట్: టెనెసీ నదిలో చలికాలపు హైబ్రిడ్ బాస్ దొరికాయి
చలికాలంలో అమెరికాలోని టెనెసీ నదిపై పడవలో వెళ్తే, సోనార్ (నీటి కింది చేపలను ధ్వని తరంగాలతో చూపే పరికరం) తెర నిండా చేపలు కనబడుతున్నా హైబ్రిడ్ బాస్ (స్ట్రైప్డ్ బాస్, వైట్ బాస్ చేపల సంకరజాతి) ఎర ఎందుకు ముట్టడం లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. విద్యుత్ కేంద్రం వదిలే గోరువెచ్చని నీటి అంచున వెతకమన్న సలహాయే ఫలించింది. నీరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడితే థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే చిన్న చేపలు నీరసించిపోతాయి గనుక అవి ఆ వెచ్చదనానికి చేరతాయనీ, వాటిని తినడానికి హైబ్రిడ్లూ వస్తాయనీ అక్కడి గైడ్ వివరించారు. తెరపై మబ్బులా కనబడినవి షాడ్ గుంపులేనట. వాటి కింద, అడుగుకు దగ్గరగా విడివిడిగా ఉన్న వంపు గీతలే మనకు కావలసిన హైబ్రిడ్లు. పడవను ప్రవాహానికి ఎదురుగా నిలిపి, లోహపు స్పూన్‌ను (చెంచా ఆకారపు కృత్రిమ ఎరను) నది అడుగు తాకనిచ్చి, జానెడు ఎత్తి మెల్లగా దించుతుంటే, చేప పట్టినప్పుడు, ఎర దిగే సమయంలోనే దారం చటుక్కున వదులవుతుంది. ఆ క్షణంలోనే గాలం లాగాలి.