దుకాణంలో పనికి వెళ్లవలసిన బాలింత తల్లిపాలు ఎలా కొనసాగించగలదు?

లాసన్స్‌బే టీచర్ (ప్రశ్న)

నేను విశాఖపట్నంలోని పెదజాలరిపేట పిల్లలకు సాయంత్రం పూట చదువు చెబుతుంటాను. అక్కడి నా పూర్వ విద్యార్థిని ఒకామెకు పదకొండు వారాల క్రితం ప్రభుత్వాసుపత్రిలో తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. గంటలోపే నర్సు బిడ్డను రొమ్ముకు అందించి ముర్రుపాలు పట్టించింది. పది వారాలపాటు తల్లిపాలు తప్ప చుక్క నీరైనా పోయలేదు. గత వారం నుంచి బిడ్డ సాయంత్రాలు గుక్కపట్టి ఏడుస్తుండడంతో, పాలు చాలడం లేదని ఇంట్లోవారు నిశ్చయించుకుని ఒక ప్రైవేటు క్లినిక్కుకు తీసుకువెళ్లారు. అక్కడ బిడ్డను తూచకుండానే పాలడబ్బా రాసి పంపారు.

భర్త పడవ మీద వేటకు వెళతాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక ఆ రెండు నెలలూ ఇల్లు గడవడానికి ఈమె ఎంవీపీ కాలనీలోని బట్టల దుకాణంలో తన పాత పనికి తిరిగి వెళ్లక తప్పదు. అంగన్‌వాడీ నుంచి గుడ్లు, పాలు, కందిపప్పు, రాగిపిండి అందుతున్నాయి కానీ, అవి ఇంటిల్లిపాది వంటలో కలిసిపోతున్నాయి. పాలు నిజంగా చాలడం లేదా? పనికి వెళుతూ కూడా తల్లిపాలు ఇవ్వగలదా? ప్రభుత్వ పథకాల నుంచి ఆమెకు ఇంకా ఏమైనా రావలసి ఉందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ప్రసూతి వార్డు నర్సు

టీచర్ గారూ, ముందుగా తల్లీబిడ్డల రక్షణ కార్డు తెరిచి, పుట్టినప్పటి బరువు, పది వారాల టీకాలనాటి బరువు చూడండి. మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు సుమారు ఇరవై నుంచి ముప్పై గ్రాములు పెరుగుతూ, ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ ఉంటే పాలు చాలుతున్నట్టే. ఏడుపు ఒక్కటే కొలత కాదు. ఈ వయసు పిల్లలు సాయంత్రం వేళ ఊరికే ఏడవడం చాలా ఇళ్లలో కనిపించేదే.

లాసన్స్‌బే టీచర్

కార్డు చూశానండీ. పుట్టినప్పుడు 2.8 కిలోలు, పది వారాలకు 4.7 కిలోలు అని రాసి ఉంది. అప్పటికి డబ్బా మొదలుపెట్టలేదు.

ప్రసూతి వార్డు నర్సు

అంటే డెబ్బై రోజుల్లో 1900 గ్రాములు, రోజుకు ఇరవై ఏడు గ్రాముల చొప్పున, కేవలం తల్లిపాలతోనే పెరిగింది. ఆ తల్లికి పాలు చాలడం లేదని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. మొదట ఆమెకే చూపించండి, ఎందుకంటే ఇప్పటికే ఆమె మనసులో అనుమానం నాటుకుని ఉంటుంది.

రొమ్ము ఎంత తరచుగా ఖాళీ అయితే పాలు అంతగా పడతాయి. డబ్బాపాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము తక్కువగా చీకుతుంది. దాంతో పాలు నిజంగానే తగ్గి, ఇంట్లోవారి అనుమానం నిజమైనట్టు కనిపిస్తుంది. కాబట్టి ప్రతిసారీ ముందు రెండు వైపులా రొమ్మునే ఇచ్చి, డబ్బాను కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. పాలను ప్రేరేపించే హార్మోను రాత్రివేళ ఎక్కువగా ఉంటుంది కనుక రాత్రి పాలు మానకూడదు. డబ్బా త్వరగా అయిపోతుందేమోనని పొడి తగ్గించి నీళ్లు ఎక్కువ కలపడం లేదు కదా? అది తప్పక కనుక్కోండి. పూర్తిగా దానిమీదే ఆధారపడితే 400 గ్రాముల డబ్బా నాలుగైదు రోజులకు మించి రాదు. పలుచని పాలతో నీరసించిన పిల్లలను నేను వార్డులో చూశాను. వారం తరువాత మళ్లీ తూయించండి. బరువు పెరగకపోయినా, బిడ్డ మందకొడిగా ఉన్నా వెంటనే పిల్లల వైద్యునికి చూపించాలి.

మరొక మాట. 1992లో వచ్చి 2003లో సవరణ పొందిన చట్టం ప్రకారం పాలడబ్బాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడం, తల్లులకు ఉచిత నమూనాలు పంచడం నేరం. అవసరమున్న బిడ్డకు వైద్యుడు రాయడంలో తప్పు లేదు. తూచకుండా రాయడమే నాకు బాధ కలిగించింది.

విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజర్

మేడమ్, మీరు రాసిన తేదీలు చూస్తే నాకు పాత సంగతే గుర్తుకొస్తోంది. ఆసుపత్రి కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి చూడాలి. ఆ తరువాతి సందర్శన మూడో నెలలో. అంటే ఆరు వారాలకూ మూడు నెలలకూ మధ్య ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పలకరించవలసిన నిర్ణీత రోజేదీ లేదు. మీ విద్యార్థినికి సందేహం వచ్చింది సరిగ్గా ఆ ఖాళీలోనే. పనికి వెళ్లే తల్లుల పిల్లల కోసం ఉన్న పాల్నా శిశుసంరక్షణ కేంద్రాలు ఆరు నెలలు నిండిన పిల్లలనే చేర్చుకుంటాయి. ఆరు నెలలూ తల్లిపాలే ఇవ్వమని మనమే చెబుతాం, ఆ ఆరు నెలలు పనిచేసుకునే తల్లి బిడ్డను ఎక్కడ ఉంచుకోవాలో మాత్రం చెప్పం. అంగన్‌వాడీలను పర్యవేక్షించిన నా ఉద్యోగకాలమంతా నన్ను వెంటాడిన లోటు ఇది.

ఆహారం విషయానికొస్తే, 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం కాన్పు తరువాత ఆరు నెలల వరకు బాలింతకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత పోషకాహారం అందాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలల్లో రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావాలని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు. ఆ కిట్టు ఇంట్లో అందరికీ పంచితే ఆమెకు దక్కేది ఒక గుడ్డు ముక్క. అమృత హస్తం పథకం రోజుల్లో గర్భిణులు, బాలింతలు కేంద్రానికే వచ్చి ఒక పూట భోజనం చేసేవారు. తిన్నది కళ్లారా చూసేవాళ్లం. అక్కడే పక్కపక్కన కూర్చుని పాలిస్తుంటే, ఇద్దరు బిడ్డల తల్లి తొలిచూలు తల్లికి బిడ్డను పట్టుకునే తీరు చూపించేది. అయితే నగరంలో కూలికి వెళ్లేవారు మధ్యాహ్నం రాలేకపోయేవారన్నది కూడా నిజమే. ఇప్పుడైతే ఆమె వంతు గుడ్డు ఉదయమే ఉడకబెట్టి, పనికి వెళ్లేలోపు తినిపించమని వాళ్ల అమ్మకు చెప్పండి. చాలామంది ఇళ్లలో పని చేసిన ఉపాయం ఇదే.

పాలసొర పులుసు తింటేనే పాలు పడతాయని జాలరిపేటలో తప్పక చెబుతారు. ఆ మాటను కొట్టిపారేయవద్దు, చేప మంచి మాంసకృత్తే. కాకపోతే పెద్ద సొరల్లో పాదరసం చేరే అవకాశం ఉంది కనుక కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు మేలు. ధర కూడా తక్కువ. పథ్యం పేరిట నీళ్లు, పప్పు మాన్పిస్తుంటే మాత్రం గట్టిగా వారించండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తరువాత 180 రోజులు వేసుకోవాలి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి బిడ్డకు 5000 రూపాయలు రెండు విడతలుగా వస్తాయి. రెండో విడతకు జనన నమోదు, పద్నాలుగు వారాల టీకాలు పూర్తి కావాలి, కాబట్టి ఆ టీకా తేదీ దాటనివ్వకండి.

దువ్వాడ తల్లి

నేను మూడో నెలలోనే ప్యాకింగు పనికి వెళ్లాను. తెల్లవారుజామున బిడ్డకు పాలిచ్చాక, చేతులు శుభ్రంగా కడుక్కుని, మరిగించిన స్టీలు గిన్నెలోకి చేత్తో పాలు పిండి మూత పెట్టేదాన్ని. మొదటి రెండు రోజులు గిన్నె అడుగు మాత్రమే తడిసింది. వారం గడిచేసరికి ఒక పూటకు సరిపడా వచ్చాయి. మన విశాఖ ఉక్కలో బయట ఉంచితే నాలుగు గంటల్లోపు వాడేయాలి. పక్కింటి ఫ్రిజ్జులో పెట్టినవి మరునాటి వరకు వాడేదాన్ని. తాగించే ముందు గిన్నెను వేడినీళ్లలో ఉంచాలే కానీ పొయ్యి మీద పెట్టకూడదు. సీసా వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టించండి. మా పాప రెండు రోజులు మా అమ్మ చేతి పాలు ఉమ్మేసింది, మూడో రోజు తాగింది. పనిలో ఉండగా రొమ్ములు బరువెక్కి జాకెట్టు తడిసిపోయినప్పుడు, పిండుకోవడానికి చోటు లేక అట్టపెట్టెల వెనక కూర్చుని ఏడ్చాను. ఆ అమ్మాయికి చోటు గురించి ముందే అడిగి పెట్టండి.

చట్టం కూడా తెలుసుకోండి. పదిమంది అంతకన్నా ఎక్కువ పనిచేసే దుకాణమైతే 2017 సవరణ తరువాత ప్రసూతి సెలవు 26 వారాలు, జీతంతో. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం కూడా ఉంది.

సీతమ్మధార డైటీషియన్

నేను అమెరికాలో కొన్నేళ్లు విక్ అనే పోషకాహార పథకంలో పనిచేశాను. 1972లో ప్రయోగాత్మకంగా మొదలైన ఆ పథకంలో, బిడ్డకు పాలిచ్చే పేద తల్లికి ఏడాది వరకు ఆహారం ఇస్తారు, పాలివ్వని తల్లికి ఆరు నెలలతో ఆపుతారు. అయితే అదే పథకం ఉచితంగా డబ్బాపాలూ ఇస్తుంది కనుక, ఒక చేత్తో ప్రోత్సహించి మరో చేత్తో నిరుత్సాహపరుస్తోందన్న విమర్శ కూడా ఉంది. నాకు అక్కడ నచ్చినది, అదే వాడలో బిడ్డకు పాలిచ్చిన తల్లికి శిక్షణనిచ్చి, కొత్త తల్లులకు ఫోనులో అందుబాటులో ఉంచడం. సూపర్‌వైజర్ గారు చెప్పిన ఖాళీలో సరిగ్గా అలాంటి మనిషి కావాలి. 2016లో మన దేశంలో తల్లిపాలను ప్రోత్సహించడానికి ‘మా’ (అంటే అమ్మ) అనే పేరుతో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం కింద ఆశా కార్యకర్తలు తల్లుల సమావేశాలు జరపాలి. టీచర్ గారూ, ఈసారి జరిగే సమావేశానికి ఆ అమ్మాయినీ, వాళ్ల అమ్మనూ వెంట తీసుకువెళ్లండి.

లాసన్స్‌బే టీచర్

అందరికీ కృతజ్ఞతలు. డబ్బా ఇప్పుడు రోజుకు ఒక్క పూటకు తగ్గింది, నీళ్లు ఎక్కువ కలుపుతున్న మాట నిజమే. దుకాణంలో పనిచేసేవారు ఎనిమిదిమందే కనుక చట్టం వర్తించదు. యజమాని భార్యతో మాట్లాడితే, మధ్యాహ్నం అమ్మమ్మ చేపల గంప దించి బిడ్డను తీసుకువస్తే పైగదిలో ఇరవై నిమిషాలు పాలివ్వడానికి ఒప్పుకున్నారు. సాయంత్రం పూటకు ఇంకా ఒప్పుకోలేదు. ఆ దుకాణానికి దగ్గరలో ఉన్న అంగన్‌వాడీ కేంద్రంలో సాయంత్రం కాసేపు కూర్చోనిస్తారేమో రేపు వెళ్లి అడుగుతాను.

విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజర్

అక్కడి టీచరు ఇంటికి వెళ్లిపోయేలోపు చేరుకోండి మేడమ్, మధ్యాహ్నం పిల్లల భోజనాలైన వెంటనే వెళితే తీరికగా మాట్లాడతారు. రక్షణ కార్డు మరచిపోకుండా పట్టుకెళ్లండి.